సరదా స్వారీ సరే... భద్రత మాటేమిటి?

సోమశిల తీరానికి పెరుగుతున్న పర్యాటకుల తాకిడి
ఏటీవీలు ఒడ్డుకు రాకముందే నిబంధనలు రావాలి

కొల్లాపూర్: ఒకవైపు కృష్ణమ్మ, మరోవైపు నల్లమల కొండలు. నడుమ సోమశిల. సెలవు దినాల్లో ఈ దారిలో కార్ల వరుసలు ఇప్పుడు కొత్తేమీ కాదు. సోమేశ్వరుడి దర్శనం, లాంచీలో ఒక చుట్టు, ఒడ్డున చేపల వేపుడు... దీంతో పర్యాటకుడి రోజు గడిచిపోతోంది. అయితే పర్యాటకం పెరిగిన ప్రతిచోటా పడవల తర్వాత ఒడ్డుకు చేరే మరో వాహనం ఉంది. గోవా ఇసుక తీరాల నుంచి మనాలి మంచు దారుల వరకు, హైదరాబాద్ శివారు రిసార్టుల నుంచి వికారాబాద్ కొండల వరకు అది ఇప్పటికే చేరిపోయింది. అదే ఏటీవీ. క్వాడ్ బైక్ అని కూడా పిలుస్తారు. మోటారు సైకిల్‌కు నాలుగు లావుపాటి చక్రాలు తొడిగినట్లుండే ఈ బండి రాయి, ఇసుక, బురద, గుట్ట దేనికీ వెరవదని ప్రతీతి. ఆ ప్రతీతిలోనే ప్రమాదమూ ఉంది.

సోమశిలకు నిధుల ప్రవాహం ఏటికేడు పెరుగుతున్న మాట వాస్తవం. స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పర్యావరణ పర్యాటక వలయానికి కేంద్రం రూ.91.62 కోట్లు మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం తదితర ప్రాంతాలు అందులో ఉన్నాయి. 2024 నవంబరులో సోమశిల, నల్లమల ప్రాంతంలో ఆధ్యాత్మిక విడిది కేంద్రానికి మరో రూ.68.10 కోట్లకు ఆమోదం లభించింది. సోమశిల వద్ద కృష్ణానదిపై తీగల వంతెనను రూ.1,082.56 కోట్లతో నిర్మించనున్నట్లు 2022 అక్టోబరులో కేంద్ర రహదారుల శాఖ ప్రకటించింది. 2016 పుష్కరాలకు ఈ ఘాట్ చూసిన జనసందోహం జిల్లావాసులకు గుర్తుండే ఉంటుంది. మళ్లీ కృష్ణా పుష్కరాలు 2028లో. ఇంత జనం వచ్చే చోటికి వినోదపు బండ్లు రాకుండా ఉంటాయనుకోవడం అమాయకత్వమే అవుతుంది. వచ్చాక ఆపడం కంటే రాకముందే హద్దులు గీయడం సులువు.

మూడు నుంచి నాలుగు చక్రాలకు

ఈ బండి పుట్టింది జపాన్ కంపెనీల చేతుల్లో. అమెరికాలో మంచు కురిసే కాలంలో మోటారు సైకిళ్లు అమ్ముడుపోకపోవడంతో హోండా కంపెనీ 1970లో మూడు చక్రాల బండిని విపణిలోకి దించింది. మెత్తటి బెలూన్ టైర్లు దాని ప్రత్యేకత. అది వేగంగా మలుపు తిరిగితే బోల్తా పడేది. ఎనభయ్యో దశకంలో చావులు, గాయాలు లెక్కకు మిక్కిలి కావడంతో 1988లో అక్కడి ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు మూడు చక్రాల బండ్ల అమ్మకాలు నిలిచిపోయాయి. అప్పటికే సుజుకీ కంపెనీ తెచ్చిన నాలుగు చక్రాల నమూనా ప్రాచుర్యంలోకి వచ్చింది. అయినా సమస్య తీరలేదు. ఇప్పటికీ అమెరికాలో ఏటా దాదాపు లక్ష మంది ఇలాంటి బండ్ల ప్రమాదాల్లో గాయపడి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు చేరుతున్నారు. మృతులు వందల్లో ఉంటున్నారు.

ఆస్ట్రేలియా మరో అడుగు ముందుకేసింది. అక్కడ పశువుల కాపరులు, రైతులు ఈ బండినే వాడతారు. బోల్తా పడిన బండి కింద నలిగి మరణించే రైతుల సంఖ్య తగ్గకపోవడంతో 2019లో భద్రతా ప్రమాణాన్ని తెచ్చారు. 2021 అక్టోబరు నుంచి, సాధారణ అవసరాలకు అమ్మే ప్రతి కొత్త క్వాడ్ బైక్‌కూ బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా కాపాడే రక్షణ చట్రం ఉండాల్సిందే. కొన్ని కంపెనీలు ఆ షరతుకు ఒప్పుకోక అక్కడ అమ్మకాలే మానుకున్నాయి. ఇంత చరిత్ర ఉన్న బండిని మన దగ్గర పది నిమిషాలకింత అని కిరాయి కట్టి, చెప్పులతో వచ్చిన కుర్రాడి చేతికి అప్పగిస్తుండడం గమనార్హం.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం బహిరంగ ప్రదేశంలో నడిచే ప్రతి మోటారు వాహనానికీ రిజిస్ట్రేషన్, మూడో వ్యక్తి బీమా తప్పనిసరి. కర్మాగారంలోనో, ప్రహరీ ఉన్న ఆవరణలోనో మాత్రమే నడిచేలా తయారైన ప్రత్యేక వాహనాలకు నిర్వచనంలోనే మినహాయింపు ఉంది. రిసార్టుల యజమానులు ఈ మినహాయింపు నీడలోనే బండ్లు నడుపుతున్నారు. గోడ లోపల తిరిగినంత కాలం పేచీ లేదు. గోడ దాటితేనే చిక్కు. ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న ఏ చోటైనా, అది దారి అయినా కాకున్నా, చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. ఆ లెక్కన సోమశిల ఘాటు, గుడి ముంగిలి, భక్తులు స్నానాలు చేసే ఒడ్డు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. రిజిస్ట్రేషన్, బీమా లేని బండి అక్కడ ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం చెల్లించడానికి బీమా కంపెనీ ఉండదు. యజమాని ఉంటాడు. అతని దగ్గర ఏముంటే అదే దక్కుతుంది.

రోడ్డెక్కే అర్హత ఉన్న ఏటీవీ అసలే లేదనడానికీ వీల్లేదు. 2021లో పొలారిస్ కంపెనీ తన ఏటీవీ ఒకదానిని ట్రాక్టరు కింద ధ్రువీకరణ పొంది మన దేశంలో విడుదల చేసింది. అప్పటి ధర రూ.7.99 లక్షలు. అంటే ప్రభుత్వ రికార్డుల్లో ఆ బండి ట్రాక్టరు. కిరాయి స్వారీలకు తిప్పే చిన్న బండ్లలో అధికశాతానికి అటువంటి పత్రాలు ఉండవు.

పిల్లల విషయంలో చట్టం మరీ కఠినం. గేర్లు లేని, 50 సీసీకి మించని మోటారు సైకిల్‌ను మినహాయిస్తే 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదు. 2019 సవరణ తర్వాత మైనరుకు బండి ఇచ్చిన యజమానికి, సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడే వీలుంది. ప్రహరీ లోపల తిరిగే బండికి ఈ సెక్షన్లు వర్తించవని వాదించవచ్చు. కానీ ఎముకలకు ఆ వాదన పట్టదు. పెద్దల కోసం తయారైన ఏటీవీని 16 ఏళ్ల లోపువారు నడపకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతోంది. తండ్రి ముందు బిడ్డను కూర్చోబెట్టుకుని ఫొటోకు ఫోజివ్వడం కూడా ఇందులో నిషిద్ధమే.

కేంద్ర పర్యాటక శాఖ 2018లో వెలువరించిన సాహస పర్యాటక మార్గదర్శకాల్లో ఏటీవీ స్వారీలకు ఒక అధ్యాయమే ఉంది. కొత్తగా ఏమీ కనిపెట్టనవసరం లేదు. అమలు చేసే నాథుడు కావాలి.

నేల తెలియని బండి

సోమశిల ఒడ్డు మామూలు ఒడ్డు కాదు. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వరదకాలంలో నీరు మెట్లను ముంచెత్తుతుంది. వేసవి నాటికి వెనక్కి పోయి విశాలమైన మైదానం బయటపడుతుంది. నదికి ఆవలి వైపున సంగమేశ్వరాలయం ఏటా కొన్ని నెలలే దర్శనమివ్వడానికి కారణమూ ఇదే. 2009 అక్టోబరు వరదల్లో జలాశయం మట్టం 896 అడుగులు దాటిన సంగతి తీరగ్రామాలకు ఇంకా పీడకలే.

నీరు తగ్గాక బయటపడిన ఒండ్రు నేల చూపులకు చదునుగా ఉంటుంది. పైన పెళుసుబారిన పొర, దానిపై నెర్రెలు. కింద మాత్రం వారాల తరబడి తడి ఆరదు. ఈ సంగతి పొలానికి పోయే రైతుకు తెలుసు, వలలు ఆరేసే జాలరికి తెలుసు. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి వచ్చిన యువకుడికి తెలియదు. ఏటీవీ టైర్లు వెడల్పుగా ఉండి, తక్కువ గాలితో నడుస్తాయి కనుక పై పొరపై కొంతదూరం సాఫీగానే పోతుంది. నీటి అంచు సమీపించేసరికి పొర పగిలి ఇంజను దాకా దిగబడుతుంది. రెండున్నర నుంచి మూడున్నర క్వింటాళ్ల బండిని ఒక్కడే లాగలేడు. లాగబోయి యాక్సిలరేటర్ నొక్కితే చక్రాలు మరింత లోతుకు తవ్వుకుంటాయి. అక్కడికి ట్రాక్టరును పిలిస్తే అదీ దిగబడుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. ముంపు కింద సేకరించిన భూమి సాగునీటి శాఖది. దాని పక్కనున్న కొండ అటవీ శాఖది. ఘాటు, గుడి, కుటీరాలు వేర్వేరు శాఖల ఏలుబడిలో ఉన్నాయి. ఏటీవీకి అనుమతి ఎవరివ్వాలన్న ప్రశ్నకు జవాబు ఒక బల్ల మీద దొరకదు. అనుమతి ఎవరూ ఇవ్వని చోట అందరూ ఇచ్చినట్లే వ్యాపారం సాగుతుంది. అడవిలోకి పోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎదురవుతుంది. ఎండాకాలంలో ఎండుగడ్డి మీదుగా పోయిన బండి సైలెన్సర్ వేడికి నిప్పంటుకునే ప్రమాదముంది. ఫిబ్రవరి నుంచి మే వరకు నల్లమలలో అగ్గి భయం ఎంతటిదో అటవీ సిబ్బందికి వేరే చెప్పనక్కర్లేదు.

నడపడం వేరు, నడవడం వేరు

కారు నడిపినవారికి, మోటారు సైకిల్ నడిపినవారికి కూడా ఈ బండి కొత్తే. పట్టుకునేది హ్యాండిల్. కానీ మోటారు సైకిల్‌లా వాలదు. నాలుగు చక్రాలున్నా కారులా నిలకడగా ఉండదు. యాక్సిలరేటర్‌ను పిడికిలితో తిప్పరు, కుడిచేతి బొటనవేలితో నొక్కుతారు. తొలిసారి ఎక్కినవాడు కుదుపుకు హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకోగానే బొటనవేలు తనంతట తానే నొక్కేస్తుంది. బండి ఎగిరి ముందుకు పోతుంది. మొదటి రెండు నిమిషాల్లో జరిగే ప్రమాదాలకు ఇదే ప్రధాన కారణం. అందుకే తెలిసినవారు కొత్తవారికి ముందుగా ఖాళీ మైదానంలో ఆగడం నేర్పి, ఆ తర్వాతే కదలడం నేర్పుతారు.

మలుపుల దగ్గరే అసలు రహస్యముంది. అనేక చిన్న బండ్లలో వెనుక ఇరుసు ఒకే కడ్డీ. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కదా. కడ్డీ ఒకటే కావడంతో బండి తిరగనని మొండికేసి నేరుగా పోతుంది. కంగారులో హ్యాండిల్‌ను ఒక్కసారిగా తిప్పితే బోల్తా. వేగం తగ్గించి, నడుము పైభాగాన్ని మలుపు లోపలి వైపు వంచి, బరువును బయటి వైపు పాదం మీద మోపితే లోపలి చక్రం కొద్దిగా జారి బండి మాట వింటుంది. నడిపేవాడి శరీరమే ఇక్కడ సగం స్టీరింగ్. వెనుక మరొకరిని ఎక్కించుకుంటే ఈ కదలికకు చోటుండదు. ఇద్దరి కోసం తయారైన బండి కానప్పుడు ఇద్దరు ఎక్కకూడదనడానికి కారణం ఇదే. సీటు పొడవుగా ఉంది కదా అని అడిగేవారుంటారు. ఆ పొడవు ఇంకొకరి కోసం కాదు, ఒక్కడే ముందుకూ వెనక్కూ జరగడం కోసం.

గుట్ట ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, నిటారుగానే ఎక్కాలి, సగంలో తిప్పకూడదు. ఇంజను ఆగిపోతే వెంటనే బ్రేకు పట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, వాలుకు పైవైపున దిగాలి. వెనక్కి దొర్లుతున్న బండిని ఆపబోవడం ప్రాణాంతకం. పోతే బండి పోనీ. దిగేటప్పుడు వెనక్కి జరిగి చిన్న గేరులో, ఇంజను పట్టుతోనే నెమ్మదిగా దిగాలి. కొండ పక్కవాటున అడ్డంగా పోవడం అనుభవజ్ఞులే మానుకుంటారు. నీటిలోకైతే పాదాలు ఆనించే పలక మునిగేంత లోతుకు దిగరాదు. లావు టైర్లలో గాలి ఉంటుంది కనుక లోతు పెరిగితే బండి తేలుతుంది. తేలిన బండి నది మాట వింటుంది గానీ మనిషి మాట వినదు. కృష్ణలో దిగి ఫొటో తీయించుకోవాలన్న ముచ్చట ఉన్నవారు ఈ ఒక్క మాట మరచిపోరాదు.

హెల్మెట్, కళ్లద్దాలు, చేతి తొడుగులు, మడమలు కప్పే బూట్లు, పొడుగు చేతుల చొక్కా అవసరం. చెప్పులు, లుంగీ, వేలాడే చున్నీ, చీర కొంగు ప్రమాదకరం. తిరిగే ఇరుసుకు, గొలుసుకు చున్నీ చుట్టుకుంటే ఏమవుతుందో ద్విచక్ర వాహనాల ప్రమాదాల్లో చూస్తూనే ఉన్నాం. మద్యం సేవించినవారికి తాళంచెవి ఇవ్వకూడదు. ఆదివారం మధ్యాహ్నం సోమశిలలో ఈ ఒక్క నిబంధనే కిరాయిదారు ఆదాయాన్ని సగానికి తగ్గించవచ్చు. అయినా తప్పదు.

బాగోగులు చూసేదెవరు?

సొంత బండిని మనిషి కొంతైనా చూసుకుంటాడు. కిరాయి బండి రోజుకు ముప్పై మంది చేతులు మారుతుంది. ప్రతివాడూ ఎత్తిపడేసేవాడే. అందుకే పొద్దున్నే మొదటి గిరాకీకి ముందు పది నిమిషాల తనిఖీ ఉండాలి. విదేశాల్లో శిక్షకులు ఇందుకొక వరుస నేర్పుతారు. ముందు చక్రాలు, తర్వాత మీటలు, తీగలు, ఆపై దీపాలు, నూనె, చివరకు గొలుసు, చట్రం.

చక్రాల దగ్గరే మన ఊళ్లలో మొదటి తప్పు జరుగుతుంది. ఏటీవీ టైరులో ఉండాల్సిన గాలి సాధారణంగా నాలుగు నుంచి ఏడు పీఎస్ఐ. కచ్చితమైన అంకె బండిపై అంటించిన కాగితంలో ఉంటుంది. మోటారు సైకిల్‌కు ముప్పైకి అటూఇటూ, లారీకి వంద దాకా కొట్టే పంక్చర్ దుకాణాల్లో అంత తక్కువ ఒత్తిడిని చూపే మీటరు సాధారణంగా దొరకదు. మేస్త్రి చేత్తో నొక్కి చూసి, మెత్తగా ఉందని ఇరవై కొట్టేస్తాడు. ఆ టైరు బంతిలా ఎగురుతుంది, నేలను పట్టదు. మరీ ఎక్కువైతే పూస వద్ద పగిలి మేస్త్రికే గాయమవుతుంది. ఎడమ కుడి చక్రాల మధ్య ఒక్క పీఎస్ఐ తేడా ఉన్నా బండి ఒకవైపు లాగుతుంది. తక్కువ ఒత్తిడిని కొలిచే మీటరు ఖరీదు పెద్దది కాదు. బండ్లతో పాటు అదీ రావాలి. గాలి చూసేది టైర్లు చల్లగా ఉన్నప్పుడే. చక్రం నట్లు కూడా అప్పుడే తిప్పి చూడాలి.

తర్వాత మీటలు. బొటనవేలి యాక్సిలరేటర్‌ను నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి మళ్లీ చూడాలి. తీగలో బురద చేరితే నొక్కింది నొక్కినట్లే ఉండిపోతుంది. నడిపేవాడి మణికట్టుకు కట్టే తాడు ఒకటుంటుంది. పడిపోగానే అది ఊడి ఇంజను ఆగిపోతుంది. పనిచేయడం లేదని దానిని వైరుతో కలిపి కట్టేసిన బండ్లను ఎక్కకపోవడమే మేలు. ఎక్కేవారు ఇంజను నడుస్తుండగా ఆ తాడు లాగి చూపమని అడగవచ్చు. అడిగే హక్కు ఉంది. చూపనివాడికి డబ్బులు ఇవ్వనక్కర్లేదు.

పాలమూరు దుమ్ముకు ఇంజను బలి కాకుండా కాపాడేది ఎయిర్ ఫిల్టర్. ఈ బండ్లలో అధికభాగం స్పాంజి ఫిల్టర్లే. దుమ్ములో తిరిగిన రోజున విప్పి, సబ్బు నీళ్లలో పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ నూనె పట్టించి బిగించాలి. పెట్రోలుతో కడగడం మన మెకానిక్‌ల అలవాటు. నిప్పు ప్రమాదంతో పాటు స్పాంజి అతుకులు కూడా దానికి ఊడిపోతాయి. శక్తి తగ్గిందని ఫిల్టర్ తీసి నడిపితే కొద్ది రోజుల్లోనే ఇసుక రేణువులు పిస్టన్‌ను అరగదీస్తాయి. సైలెన్సర్ నుంచి నీలిపొగ మొదలయ్యాక లెక్క వేసుకుంటే ఆదా చేసింది గంట, ఖర్చయింది ఇంజను.

ఇంజను నూనెను చదునైన చోట నిలిపి చూడాలి. నూనె పాలరంగుకు తిరిగితే లోపలికి నీరు చేరిందని అర్థం. ఆ బండిని స్టార్టు చేయరాదు. నీటిలో దిగి వచ్చిన బండికి బ్రేకులు వెంటనే పట్టవు. నెమ్మదిగా పోతూ బ్రేకును తేలికగా నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టాలి. బెల్టుతో నడిచే బండిలో బెల్టు పెట్టెలోకి నీరు పోతే ఇంజను అరుస్తుంది గానీ చక్రం తిరగదు. పెట్టె కింద మర తిప్పి నీరు వదలాలి. గొలుసు బండికి గొలుసు వదులు, పళ్ల అరుగుదల చూడాలి. రేడియేటర్ జల్లెడకు అంటిన ఒండ్రు ఎండకు గట్టిపడి గాలి ఆడనివ్వదు. ఇంజను వేడెక్కడానికి మన దగ్గర ఇదే ప్రధాన కారణమవుతుంది. బురద వదిలించడానికి సర్వీసింగ్ సెంటర్ల పైపు ఒత్తిడితో బేరింగుల మీద నేరుగా కొడితే గ్రీజు పోయి నీరు చేరుతుంది. నీళ్లు పోసి నానబెట్టి, మామూలు పైపుతో కడిగి, గ్రీజు కొట్టడం శ్రేయస్కరం. పని ఎక్కువే. సాయంత్రం చీకటిపడే వేళకు ఈ పని చేసే ఓపిక కుర్రాళ్లకు ఉండదని వేరే చెప్పాలా? అందుకే తనిఖీ పుస్తకం ఉండాలి. ఎవరు చూశారు, ఏ తేదీన, ఏ బండి, ఏమి మార్చారు అన్నది రాసి సంతకం పెట్టాలి. ప్రమాదం జరిగిన రోజున పోలీసులు అడిగేది ఆ పుస్తకాన్నే.

ట్రాక్టరు నేర్పిన పాఠం

ఏటీవీ పేరు వినని పల్లెకు కూడా దారిలేని చోట నడిచే బండి తెలుసు. అది ట్రాక్టరు. పొలం గట్టు, కాలువ కట్ట, చెరువు అలుగు అన్నీ దానికి దారులే. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల సమీపంలో మిరప కోతకు కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు మరణించారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద మరో ట్రాక్టరు మూసీ కాలువలోకి బోల్తాపడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. మూడు నెలల వ్యవధిలో జరిగిన ఈ రెండు ఘోరాల్లోనూ బండి కట్ట మీదుండగా అంతా సవ్యమే. అంచు జారాకే అంతా ముగిసింది. దారిలేని చోటికి పోగలిగిన బండికి ఆ చోటు ఎప్పుడు జారుతుందో తెలియదు. పైన కూర్చున్నవారికి దూకే అవకాశం ఉండదు.

కూలీలను ట్రాలీలో ఎక్కించడం నిషిద్ధమని అంతకుముందూ తెలుసు, తర్వాతా తెలుసు. సంఘటన జరిగిన పక్షం రోజులు రోడ్డు మీద తనిఖీలు, ఆపై యథాతథం. పని దొరికే ఊరికి పోవడానికి వేరే బండి లేకపోతే నిషేధం కాగితం మీదే ఉంటుంది. ఈ వాదనలో బలముంది. అయితే ఏటీవీకి ఈ మినహాయింపు కూడా చెల్లదు. అది కూలికి పోయే బండి కాదు, సరదా బండి. అందులో పోయే ప్రాణానికి ఏ అవసరమూ సమాధానం చెప్పదు.

కొల్లాపూర్ ప్రాంతానికి ఇంకా దగ్గరి గాయముంది. 2007 జనవరిలో మంచాలకట్ట, నెహ్రూనగర్ మధ్య కృష్ణలో పడవ మునిగి 61 మంది జలసమాధి అయ్యారు. పడవ మోయగలిగినంత కంటే ఎక్కువ మందిని ఎక్కించుకోవడం, ఒక్కరికీ రక్షణ జాకెట్ లేకపోవడం... కారణాలు చెప్పడానికి పెద్ద విచారణ అక్కర్లేకపోయింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగిన తర్వాతే ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల అనుమతులపై కదలిక వచ్చింది. నేడు సోమశిలలో లాంచీ ఎక్కేవారికి జాకెట్ తొడగాలన్న స్పృహ ఉందంటే అది ఆ చావుల వెల. ఏటీవీల విషయంలోనూ అంతే వెల చెల్లించాకే నిబంధన రాస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఉపాధా, ఉరితాడా?

బండ్లు వద్దేవద్దు అనడమూ సబబు కాదు. శ్రీశైలం ముంపులో భూములు, ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు ఈ తీరం పొడవునా ఉన్నాయి. 1986 నాటి జీవో 98 కింద ఉద్యోగాల కోసం ఎదురుచూస్తూ వయసు మీరినవారు అనేకులు. వారి పిల్లలకు పర్యాటకం ఒక దారి. పట్నం నుంచి ఎవరో పెట్టుబడిదారుడు పది బండ్లు దించి, స్థానిక యువకుణ్ణి రోజుకూలికి పెట్టుకుంటే లాభం అతనిది, కేసు ఇతనిది అవుతుంది. ప్రమాదం జరిగినప్పుడు బండి పక్కన నిలబడి ఉండేది ఆ కుర్రాడే. రికార్డుల్లో యజమాని పేరు ఎక్కడా ఉండదు. శిక్షణ, ధ్రువపత్రం, బీమా స్థానికులకు ముందే దక్కితే వారే నిర్వాహకులు కాగలుగుతారు. జిల్లా కేంద్రంలో పర్యాటక, రవాణా, సాగునీటి, అటవీ శాఖలతో పాటు పంచాయతీని కూర్చోబెట్టి ఒకే అనుమతి పత్రం రూపొందించడం కలెక్టరు తలచుకుంటే ఒక పూట పని.

ఆ పత్రంలో ఉండాల్సినవి పెద్దగా లేవు. పూర్తి నీటిమట్టానికి ఎగువన, స్నానఘట్టాలకు, గుడికి దూరంగా కంచె వేసిన బాట. ఆ బాట దాటని బండి. వేగం పెరగకుండా ఇంజనుకు బిగించిన కట్టడి మర. తల సైజును బట్టి హెల్మెట్లు. పది నిమిషాల శిక్షణ లేకుండా తాళంచెవి ఇవ్వకపోవడం. బండికో తనిఖీ పుస్తకం. ప్రతి స్వారీకీ బీమా. గాయపడినవారిని కొల్లాపూర్ ఆస్పత్రికి చేర్చడానికి సుమారు పది కిలోమీటర్లు, అక్కడ కాదంటే 2022లో ప్రారంభమైన నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రులకు మరో నలభై, యాభై కిలోమీటర్లు. తలకు దెబ్బ తగిలినవారికి ఆ దూరమే శత్రువు. కనుక రద్దీ రోజుల్లో 108 వాహనం సోమశిలలోనే నిలిపి ఉంచాలన్నది కూడా ఆ పత్రంలో చేరాలి.

శివరాత్రికి, ఉగాది సెలవులకు తీరంలో నీరు వెనక్కి పోయి మైదానం బయటపడుతుంది. జనం దిగేదీ అప్పుడే. కంచె పాతాలన్నా, హద్దురాళ్లు వేయాలన్నా అంతకంటే ముందు, నీరు నిండుగా ఉన్నప్పుడే కొలతలు తీసుకోవాలి. పూర్తి మట్టం గీత కంటికి కనిపించేది ఆ కొన్ని వారాలే.